డాక్టర్ కల్పనా చావ్లా: రెండు దర్యాప్తుల నడుమ ఒక రోదసి శాస్త్రవేత్త జీవితం

గోపాలపట్నం (విశాఖపట్నం): భారత సంతతి మహిళల్లో తొలిసారిగా రోదసియాత్ర చేసిన శాస్త్రవేత్త డాక్టర్ కల్పనా చావ్లా 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో ఆరుగురు సహచరులతో పాటు అసువులు బాశారు. అప్పటికి ఆమె వయస్సు 40 సంవత్సరాలు. అంతకు కొద్ది నెలల ముందు ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరిన వాతావరణ ఉపగ్రహానికి నాలుగు రోజుల వ్యవధిలోనే ఆమె పేరు పెట్టారు. ఆమెను గురించి ప్రసంగాల్లోనూ వ్యాసాల్లోనూ తరచుగా వినిపించేవి బాల్యంలోని కల, సాహసం, విషాదాంతం. ఆమె వృత్తి జీవితాన్ని వరుసగా పరిశీలిస్తే అంతకన్నా ఆలోచింపజేసే విషయం మరొకటి కనిపిస్తుంది. మొదటి యాత్రలో జరిగిన ఒక వైఫల్యానికి వేలు ఆమె వైపు చూపారు. లోపం విధివిధానాలలో ఉన్నదని దర్యాప్తులో తేలింది. రెండవ యాత్రలో ఆమె ప్రాణాలే పోయాయి. దాని మూలాలు సంస్థ పనితీరులో ఉన్నాయని మరో దర్యాప్తు నిర్ధారించింది.

కల్పనా చావ్లా 1962 మార్చి 17న కర్నాల్ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణం అప్పట్లో పంజాబు రాష్ట్రంలో ఉండేది. తరువాత హర్యానాలో భాగమైంది. మెట్రిక్యులేషన్ పరీక్షకు అర్హత నిమిత్తం రికార్డుల్లో 1961 జూలై 1గా నమోదు చేయించినందున కొన్ని పత్రాల్లో ఆ తేదీయే కనిపిస్తుంది. తండ్రి శ్రీ బనారసీ లాల్ చావ్లా దేశ విభజన సమయంలో పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన కుటుంబీకుడు. చిన్న చిన్న వ్యాపారాలతో మొదలై, స్వయంకృషితో టైర్ల తయారీ వరకు ఎదిగిన వ్యక్తి. నలుగురు సంతానంలో కల్పన ఆఖరు. ఇంట్లో ఆమెను మోంటూ అని పిలిచేవారు. బడిలో చేర్చే రోజు వరకు అసలు పేరు పెట్టనేలేదు. ఉపాధ్యాయురాలు అడిగినప్పుడు, కుటుంబం అనుకుంటున్న పేర్లలో నుంచి కల్పన అనే పేరును ఆ బాలికే ఎంచుకున్నదని చెబుతారు.

కర్నాల్‌లో ఒక ఫ్లయింగ్ క్లబ్ ఉండటం ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన విషయాల్లో ఒకటి. చిన్న విమానాలు ఇంటి మీదుగా ఎగురుతూ ఉండేవి. తండ్రి ఆమెను, సోదరుడిని అక్కడికి తీసుకువెళ్లి పుష్పక్ విమానంలోనూ, గ్లైడర్‌లోనూ ఎక్కించారు. తొలినాళ్లలో తపాలా విమానాలు నడిపిన జె.ఆర్.డి. టాటా పట్ల ఆమెకు ప్రత్యేక అభిమానం ఉండేది. ఠాగూర్ బాల నికేతన్ పాఠశాలలో చదువు ముగించి, కర్నాల్‌లోనే కళాశాల విద్య కొనసాగించిన అనంతరం చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. అక్కడ ఏరోనాటికల్ శాఖను ఎంచుకోగా, ఆ చదువు ఆడపిల్లలకు తగదని, ఉద్యోగావకాశాలు తక్కువని నచ్చజెప్పే ప్రయత్నం జరిగింది. ఆమె మనసు మార్చుకోలేదు. తరగతిలో ఏకైక విద్యార్థినిగా 1982లో పట్టభద్రురాలయ్యారు.

కుటుంబంలో తొలుత ఉన్న సంకోచాన్ని దాటి, అదే సంవత్సరం అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆర్లింగ్‌టన్ ప్రాంగణంలో ఆమె చేరారు. 1983 డిసెంబరులో విమాన శిక్షకుడు జాన్ పియెర్ హారిసన్‌ను వివాహమాడారు. 1984లో ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందారు. హైదరాబాద్‌లో చదువుకున్న స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో తొలి భారతీయ వ్యోమగామిగా రోదసికి వెళ్లినది కూడా ఆ సంవత్సరం ఏప్రిల్‌లోనే. 1988లో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ నుంచి ఆమె డాక్టరేట్ అందుకున్నారు. నిలకడ లేని సుడి ప్రవాహాల గతినీ, నియంత్రణనూ కంప్యూటర్ గణనల ద్వారా నిర్ధారించడం ఆమె పరిశోధనాంశం.

రోదసియాత్రల కాంతిలో మరుగున పడినప్పటికీ, శాస్త్రవేత్తగా ఆమె అసలు వృత్తి ఇదే. విమానం రెక్క చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుంది, ఎక్కడ సుడి తిరుగుతుంది, ఎక్కడ రెక్కను విడిచిపోతుంది అనే విషయాలను పూర్వం గాలి సొరంగాల్లో నమూనాలు ఉంచి పరీక్షించేవారు. ఇప్పటికీ పరీక్షిస్తారు. అయితే 1980ల నాటికి కంప్యూటర్ల శక్తి పెరిగినందున, విమానం చుట్టూ ఉన్న శూన్యాన్ని లక్షలాది చిన్న గడులుగా విభజించి ఒక్కొక్క గడిలో గాలి వేగం, పీడనం లెక్కగట్టడం సాధ్యమైంది. 1988లో నాసా ఎయిమ్స్ పరిశోధన కేంద్రంలో చేరిన డాక్టర్ చావ్లా ఈ విధానాన్ని నిట్టనిలువుగా పైకి లేచే హారియర్ తరగతి యుద్ధ విమానాలకు వర్తింపజేశారు. ఆ విమానం నేలకు దగ్గరగా నిలిచి ఉన్నప్పుడు క్రిందికి చిమ్మే వేడి వాయుధారలు నేలను తాకి, తిరిగి పైకి లేచి, విమానాన్నే కుదిపివేస్తాయి. ఇంజన్ ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటే శక్తి తగ్గిపోతుంది. ఈ చిక్కు ప్రవాహాలను గణనలో పట్టుకోవడం ఆనాడు అత్యంత కఠినమైన సమస్యల్లో ఒకటి. 1993లో కాలిఫోర్నియాలోని లాస్ ఆల్టోస్‌లో గల ఓవర్‌సెట్ మెథడ్స్ సంస్థలో ఉపాధ్యక్షురాలిగా, పరిశోధన శాస్త్రవేత్తగా చేరారు. ఒకదానికొకటి సాపేక్షంగా కదిలే పలు భాగాల చుట్టూ గాలి ప్రవాహాన్ని గణించే పద్ధతులు అక్కడ ఆమె బృందం విషయం.

ఇదే కాలంలో ఆమె విమాన చోదనంలోనూ పూర్తి అర్హతలు సంపాదించారు. ఒక ఇంజన్, బహుళ ఇంజన్ విమానాలు, నీటిపై దిగే విమానాలు, గ్లైడర్లు నడిపేందుకు వాణిజ్య లైసెన్సులు, విమానానికి, గ్లైడర్‌కు శిక్షకురాలి ధ్రువపత్రాలు ఆమెకు ఉండేవి. ఆకాశంలో విన్యాసాలు చేయడం ఆమెకు ఇష్టమైన వ్యాపకం. 1991లో అమెరికా పౌరసత్వం స్వీకరించారు. ఆమె చివరిసారి స్వదేశానికి వచ్చినది 1991-92 నూతన సంవత్సర వేళ. తరువాత రావడం సాధ్యపడలేదు.

1994 డిసెంబరులో నాసా ఆమెను వ్యోమగామి శిక్షణకు ఎంపిక చేసింది. 1995 మార్చిలో హ్యూస్టన్‌లోని జాన్సన్ రోదసి కేంద్రంలో చేరిన ఆ బృందంలో రిక్ హస్బెండ్, మైఖేల్ ఆండర్సన్ కూడా ఉన్నారు. ఎనిమిదేళ్ల తరువాత ఈ ముగ్గురూ ఒకే నౌకలో ప్రయాణించవలసి ఉన్నది. శిక్షణ తరువాత ఆమెకు రోబో చేయి, రోదసి నడక, కంప్యూటర్ శాఖలకు సంబంధించిన సాంకేతిక బాధ్యతలు అప్పగించారు. 1996 నవంబరులో ఎస్‌టీఎస్-87 యాత్రకు రోబో చేతి ప్రధాన నిర్వాహకురాలిగా నియమించారు.

1997 నవంబరు 19న కొలంబియా నౌక కెన్నెడీ రోదసి కేంద్రం నుంచి బయలుదేరింది. కెవిన్ క్రెగెల్ కమాండర్. స్టీవెన్ లిండ్సే, విన్‌స్టన్ స్కాట్, జపాన్‌కు చెందిన తకావో దోయి, ఉక్రెయిన్‌కు చెందిన లియోనిద్ కదెన్యుక్ ఇతర సభ్యులు. భార రహిత స్థితిలో పదార్థాల ప్రవర్తనను పరిశీలించే ప్రయోగాలతో పాటు, సూర్యుని బాహ్య వాతావరణాన్ని పరిశీలించే స్పార్టన్ అనే ఉపగ్రహాన్ని విడుదల చేసి, రెండు రోజుల తరువాత తిరిగి పట్టి తీసుకురావడం ఈ యాత్ర ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. దాని బరువు సుమారు 1,360 కిలోలు.

నవంబరు 21న డాక్టర్ చావ్లా రోబో చేతితో స్పార్టన్‌ను విడిచిపెట్టారు. తాను సక్రమంగా పనిచేస్తున్నట్లు సూచించేందుకు ఆ ఉపగ్రహం వెంటనే ఒకసారి తిరగవలసి ఉండగా, అది కదలలేదు. దానిని తిరిగి పట్టుకునే ప్రయత్నంలో చేయి సరిగా బిగియలేదు. వెనుకకు తీసే సమయంలో తగిలిన చిన్న తాకిడికి ఉపగ్రహం నెమ్మదిగా గిరగిరా తిరగసాగింది. సెకనుకు రెండు డిగ్రీల భ్రమణం చూడటానికి స్వల్పమే. కానీ టన్నుకు పైబడిన వస్తువు రోదసిలో అలా తిరుగుతూ ఉంటే రోబో చేతితో దానిని అందుకోవడం కుదరదు. కమాండర్ నౌకనే దాని భ్రమణానికి అనుగుణంగా తిప్పేందుకు ప్రయత్నించి, ఇంధనం ఖర్చు దృష్ట్యా విరమించారు. మూడు రోజుల తరువాత స్కాట్, దోయి నౌక వెలుపలికి వచ్చి చేతులతో ఉపగ్రహాన్ని పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. ఏడున్నర గంటలకు పైగా సాగిన ఆ రోదసి నడకతో దోయి ఆ కార్యం చేసిన తొలి జపాన్ పౌరునిగా చరిత్రకెక్కారు.

ఉపగ్రహం దక్కినప్పటికీ దాని పరిశీలనలు జరగలేదు. యాత్ర ఇంకా కొనసాగుతుండగానే తప్పు ఎవరిదనే చర్చ పత్రికల్లో మొదలైంది. చేతిని నడిపినది ఆమె కనుక అనుమానం సహజంగా ఆమెపైకే వెళ్లింది. అది ఆమెకు మొదటి యాత్ర. వ్యోమగామి కార్యాలయంలో తదుపరి నియామకాలు ఇటువంటి నివేదికలపైనే ఆధారపడి ఉంటాయి. ఒకవైపు భారత ప్రధానమంత్రి శ్రీ ఐ.కె. గుజ్రాల్ రోదసిలో ఉన్న ఆమెతో మాట్లాడి అభినందించగా, మరోవైపు ఆమె సామర్థ్యం మీదనే ప్రశ్నలు వెలువడటం ఆ యాత్రలోని వైచిత్రి.

సుమారు ఐదు నెలల పాటు నాసా దర్యాప్తు జరిగింది. సాఫ్ట్‌వేర్ అనుసంధానంలోనూ, నౌకలోని సిబ్బందికి, భూనియంత్రణ కేంద్రానికి నిర్దేశించిన విధివిధానాల్లోనూ లోపాలు ఉన్నట్లు అందులో నిర్ధారణ అయింది. డాక్టర్ చావ్లాపై వచ్చిన ఆరోపణ నిలువలేదు. ఒక మీట నొక్కిన చేతిని గుర్తించడం ఎవరికైనా సులభమే. ఆ మీట నొక్కవలసిన క్రమాన్ని రాసినవారు, సరిచూసినవారు, శిక్షణలో దానిని పొందుపరచినవారు ఎవరో వెదకడానికి నెలలు పట్టింది. ఆ ఓపిక చూపినందువల్లనే ఒక సమర్థురాలి వృత్తి జీవితం నిలిచింది. స్పార్టన్‌ను 1998 అక్టోబరులో మరో నౌకలో పంపి పరిశీలనలు పూర్తి చేయించారు. ఇక ఆ మొదటి యాత్రలో ఆమె 376 గంటల 34 నిమిషాల కాలంలో భూమిని 252 సార్లు చుట్టి, కోటి నాలుగు లక్షల కిలోమీటర్లకు పైగా ప్రయాణించారు.

1998 జనవరి నుంచి నౌకల్లోనూ, అంతర్జాతీయ రోదసి కేంద్రంలోనూ సిబ్బంది వాడే పరికరాలకు సంబంధించిన బాధ్యతలు నిర్వహించారు. తరువాత సిబ్బంది వ్యవస్థలు, నివాసయోగ్యత విభాగానికి నాయకత్వం వహించారు. పేరు ప్రఖ్యాతులు తెచ్చే పని కాదది. వ్యోమగాములు తినే తిండి, పడుకునే చోటు, ధరించే దుస్తులు, చేతికందే పట్టీలు వంటివన్నీ ఆ విభాగం పరిధిలోకే వస్తాయి. తాను చదివిన కర్నాల్ పాఠశాల నుంచి ఏటా ఇద్దరు విద్యార్థులు నాసా వేసవి కార్యక్రమానికి వెళ్లే ఏర్పాటు 1998లోనే ఆమె చొరవతో ప్రారంభమైంది.

2000 సంవత్సరంలో ఎస్‌టీఎస్-107 యాత్రకు ఆమె ఎంపికయ్యారు. సాంకేతిక కారణాలతోనూ, ఇతర యాత్రలకు ప్రాధాన్యం ఇవ్వడంతోనూ ఆ ప్రయాణం పలుమార్లు వాయిదా పడింది. 2002 జూలైలో నౌకల ఇంధన గొట్టాల లోపలి పొరల్లో పగుళ్లు కనిపించడం మరో జాప్యానికి దారితీసింది. ఎట్టకేలకు 2003 జనవరి 16న కొలంబియా తన 28వ యాత్రకు బయలుదేరింది. రిక్ హస్బెండ్ కమాండర్, విలియం మెక్‌కూల్ పైలట్. మైఖేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రామోన్ ఇతర సభ్యులు. ఫ్లయిట్ ఇంజనీరు బాధ్యత డాక్టర్ చావ్లాది.

ఈ యాత్ర పూర్తిగా విజ్ఞాన పరిశోధనకు ఉద్దేశించినది. సుమారు 80 ప్రయోగాల నిర్వహణకు బృందం రెండుగా విడిపోయి ఇరవై నాలుగు గంటలూ వంతులవారీగా పనిచేసింది. హస్బెండ్, క్లార్క్, రామోన్‌లతో పాటు డాక్టర్ చావ్లా ఒక వంతులో ఉన్నారు. ఇసుక స్తంభాన్ని భార రహిత స్థితిలో అదిమి, భూకంప సమయంలో తడి నేల ద్రవంలా మారే తీరును తెలుసుకునే ప్రయోగం అందులో ఒకటి. సన్నని నీటి తుంపరతో మంటలను ఆర్పే పద్ధతిని మరొక దానిలో పరిశీలించారు. దహన పేటికలో జరిగిన జ్వాలా గోళాల ప్రయోగం శాస్త్రజ్ఞులను ఎక్కువగా ఆకర్షించింది. భూమిపై వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి జ్వాల నిలువుగా సాగుతుంది. రోదసిలో పైకి, క్రిందికి అనే తేడా లేనందున అతి పలుచని ఇంధన మిశ్రమంలో జ్వాల చిన్న బంతిలా గుండ్రంగా నిలిచి ఉంటుంది. పుట్టినరోజు కొవ్వొత్తి వెలుగులో వందవ వంతు శక్తి కూడా లేని అటువంటి ఒక జ్వాల 81 నిమిషాల పాటు ఆరిపోకుండా మండింది. తక్కువ ఇంధనంతో, తక్కువ కాలుష్యంతో నడిచే ఇంజన్ల రూపకల్పనకు ఇటువంటి కొలతలు అవసరం.

అయితే ఈ యాత్రకు ముప్పు ప్రయోగం నాడే ఏర్పడింది. నేల విడిచిన 82 సెకన్లకు బాహ్య ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఉష్ణ నిరోధక నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్క ముందు అంచును తాకింది. దాని బరువు ముప్పావు కిలో మాత్రమే. మరుసటి రోజు చలనచిత్రాలు పరిశీలిస్తున్న ఇంజనీర్లు ఆ తాకిడిని గుర్తించారు. రెక్కకు నష్టం జరిగిందో లేదో తెలుసుకునేందుకు రక్షణ శాఖ సాధనాలతో కక్ష్యలోని నౌకను చిత్రీకరించాలని వేర్వేరు మార్గాల్లో మూడు అభ్యర్థనలు వెళ్లాయి. అవి ఫలించలేదు. గతంలోనూ నురుగు ముక్కలు ఊడినవి, నౌకలు క్షేమంగానే తిరిగివచ్చినవి కాబట్టి అది మరమ్మతు విషయమే గాని భద్రతా విషయం కాదనే అభిప్రాయం యాజమాన్యంలో స్థిరపడిపోయింది. జనవరి 23న భూనియంత్రణ కేంద్రం నుంచి కమాండర్‌కు, పైలట్‌కు ఈమెయిల్ ద్వారా ఈ సంగతి తెలియజేశారు; ఆందోళన పడవలసిన పని లేదని అందులోనే చేర్చారు. కొలంబియా తిరుగుతున్న కక్ష్య నుంచి అంతర్జాతీయ రోదసి కేంద్రాన్ని చేరుకోవడం సాధ్యం కాదన్నది కూడా ఇక్కడ గమనించదగినది.

ఫిబ్రవరి 1న నౌక తిరుగు ప్రయాణం ప్రారంభించింది. రెక్క అంచులోని రంధ్రం గుండా అత్యంత వేడి వాయువు లోపలికి చొరబడి లోహపు అస్థిపంజరాన్ని కరిగించింది. ఎడమ రెక్కలోని ఉష్ణమాపకాలు, చక్రాల పీడన మాపకాలు ఒక్కొక్కటిగా మూగబోయాయి. అమెరికా తూర్పు ప్రాంత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 59 నిమిషాలకు నౌకతో సంబంధం తెగిపోయింది. కెన్నెడీ కేంద్రంలో దిగడానికి మరో 16 నిమిషాలే మిగిలి ఉన్నాయి. సుమారు 61 కిలోమీటర్ల ఎత్తున, టెక్సాస్ గగనతలంలో కొలంబియా విచ్ఛిన్నమైంది. రెండు యాత్రల్లో కలిపి డాక్టర్ చావ్లా రోదసిలో గడిపిన కాలం 30 రోజుల 14 గంటల 54 నిమిషాలు. ఆమె జీవితకాలమంతా అధ్యయనం చేసినది రెక్కల చుట్టూ ప్రవహించే వాయువులను గురించే. రెక్క ముందు అంచుకు రంధ్రం పడితే ప్రవాహం ఏమి చేయగలదో ఆ నౌకలో ఆమె కంటే బాగా తెలిసినవారు లేరు. ఆ రెక్క చిత్రం మాత్రం ఆమెకు ఎవరూ చూపలేదు.

విశ్రాంత అడ్మిరల్ హెరాల్డ్ గెహ్‌మన్ అధ్యక్షతన ఏర్పడిన దర్యాప్తు మండలి ఏడు నెలల లోపే, 2003 ఆగస్టు 26న నివేదిక సమర్పించింది. టెక్సాస్, లూసియానా ప్రాంతాల్లో సుమారు 25 వేల మంది వెదకి సేకరించిన 83 వేలకు పైగా శకలాలు నౌక బరువులో 38 శాతానికి సమానం. ఎడమ రెక్క శకలాలను ఒకచోట పేర్చి నష్టం మొదలైన చోటును కనిపెట్టారు. జూలై 7న శాన్ ఆంటోనియోలో అదే పరిమాణం గల నురుగు ముక్కను అదే వేగంతో నిజమైన రెక్క పలకపైకి పేల్చగా సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది. తేలికైన నురుగు గట్టి పలకను ఏమి చేయగలదన్న సందేహం ఆ రోజుతో తీరిపోయింది.

మండలి అక్కడితో ఆగలేదు. ప్రమాదానికి నురుగు ఎంత కారణమో, సంస్థ పని సంస్కృతి కూడా అంతే కారణమని నివేదికలో స్పష్టం చేసింది. యాత్ర కొనసాగిన రోజుల్లో నష్టాన్ని గుర్తించే ఎనిమిది అవకాశాలు జారిపోయినట్లు లెక్కతేల్చింది. కింది స్థాయి ఇంజనీర్ల సందేహం పై స్థాయికి చేరే సరికి సంక్షిప్త పట్టికల్లో పలుచబడిపోవడం, సురక్షితం కాదని నిరూపించే భారం సందేహించినవారి పైనే పడటం ప్రధాన లోపాలుగా ఎత్తిచూపింది. 29 సిఫారసులు చేసి, వాటిలో 15 అమలు చేసిన తరువాతే నౌకలు మళ్లీ ఎగరాలని షరతు విధించింది. 2005 జూలై వరకు ఏ నౌకా ఎగరలేదు. ఆ తరువాతి యాత్రల్లో కక్ష్యకు చేరగానే రెక్కలను కెమెరాలతో తనిఖీ చేయడం నిబంధనగా మారింది. 2011 జూలైలో షటిల్ కార్యక్రమం ముగిసింది.

పరిశోధన ఫలితాలు పూర్తిగా నశించలేదు. యాత్ర సాగుతుండగానే చాలా సమాచారం భూమికి చేరింది. జెనాన్ వాయువు స్నిగ్ధతను కొలిచే ప్రయోగానికి చెందిన కంప్యూటర్ డిస్కు కాలి మాడిపోయిన స్థితిలో శకలాల్లో లభించగా, నిపుణులు అందులోని సమాచారాన్ని దాదాపు మొత్తంగా వెలికితీశారు. దాని ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. డాక్టర్ చావ్లా చితాభస్మాన్ని ఆమె కోరిక మేరకు యూటా రాష్ట్రంలోని జయాన్ జాతీయ ఉద్యానవనంలో వెదజల్లారు. అమెరికా ప్రభుత్వం మరణానంతరం కాంగ్రెషనల్ స్పేస్ మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేసింది. ఒక గ్రహశకలానికి, అంగారక గ్రహంపై ఒక కొండకు, 2020లో అంతర్జాతీయ రోదసి కేంద్రానికి సరుకులు మోసుకెళ్లిన ఒక నౌకకు ఆమె పేరు పెట్టారు. కర్నాల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆమె పేరుతో నడుస్తున్నది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో జన్మించిన శ్రీమతి శిరీష బండ్ల, తండ్రి వైపు తెలంగాణ మూలాలు గల శ్రీ రాజా చారి వేర్వేరుగా రోదసియాత్రలు చేశారు.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినంత వరకు ఆమె పేరు ఒక ఉపగ్రహంతో ముడిపడి ఉన్నది. 2002 సెప్టెంబరు 12న అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ4 రాకెట్ 1,060 కిలోల మెట్‌శాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. ఆ ప్రయోగ కేంద్రానికి ఆచార్య సతీశ్ ధావన్ పేరు పెట్టి అప్పటికి వారం రోజులే అయింది. ఆచార్య ధావన్ కూడా వాయు ప్రవాహాల శాస్త్రవేత్తయే కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగినది. అంతవరకు వాతావరణ పరికరాలు సమాచార ఉపగ్రహాలతో కలిసి వెళ్లేవి. కేవలం వాతావరణ పరిశీలనకే భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన తొలి భూస్థిర ఉపగ్రహం ఇదే. 2003 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి దీనికి కల్పన-1గా నామకరణం చేశారు. ఈ శ్రేణిలో తదుపరి ఉపగ్రహాలకు కూడా అదే పేరు కొనసాగుతుందని అప్పట్లో ప్రకటించినప్పటికీ, 2013లో వచ్చిన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డి పేరుతో వెలువడింది. కల్పన-2 రాలేదు.

తూర్పు రేఖాంశం 74 డిగ్రీల వద్ద నిలిచిన కల్పన-1 దృశ్య, పరారుణ, నీటి ఆవిరి తరంగాల్లో హిందూ మహాసముద్రాన్ని చిత్రిస్తూ వచ్చింది. బంగాళాఖాతంలో మేఘాలు సుడి తిరగడం మొదలైనప్పటి నుంచి తీరం చేరేవరకు వాతావరణ శాఖ చూసిన చిత్రాల్లో దాని వంతు పెద్దది. 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపానును అది కనిపెట్టి ఉంచింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నంపై విరుచుకుపడింది. గోపాలపట్నానికి చేరువలోని విమానాశ్రయం తీవ్రంగా దెబ్బతిన్నది. నగరం చుట్టూ ఉన్న కొండలు పచ్చదనం కోల్పోయాయి. తుపాను మార్గాన్ని రోజుల ముందే అంచనా వేయగలిగినందున తీర గ్రామాల ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఆ రోజుల్లో ఇన్‌శాట్-3డితో పాటు కల్పన-1 కూడా విధుల్లో ఉన్నది. ఏడేళ్ల ఆయుర్దాయంతో రూపొందించిన ఆ ఉపగ్రహం పదిహేనేళ్లు పనిచేసి 2017లో సేవలు ముగించింది.